‘ఐయామ్ సో సారీ’ అంటే ‘మీ తప్పేం లేదు మేడమ్’ అన్నాను – మనసులో మాటలకు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారు?

వంశధార_ఒడ్డు (గుణుపురం)
ఆదివారం, రాత్రి 9.10

అందరికీ నమస్తే. మాది గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. సంతకు వచ్చే సవరవాళ్లతో మా నాన్న సవరలోనే బేరమాడతారు. ఇంగ్లీషు మాత్రం నాకు పుస్తకాల్లోంచే వచ్చింది. ఇప్పుడు భువనేశ్వర్‌లో ఒక ఆఫీసుకి పని చేస్తున్నాను, సగం రోజులు ఇంటి నుంచే. మా టీమ్ లీడ్ ఇంగ్లండులో ఉంటారు. ఇన్‌వాయిస్‌లు, లెక్కలు, గడువులు – వీటి గురించి ఎంతసేపైనా ఇంగ్లీషులో మాట్లాడగలను.

పోయిన నెల మా మామ్మ చనిపోయింది. కార్యాలు అయ్యాక మళ్లీ పనిలో చేరిన రోజు కాల్‌లో మేడమ్ నా పేరు పిలిచి ‘ఐయామ్ సో సారీ’ అన్నారు. నేను గబుక్కున ‘నో నో మేడమ్, ఇట్ ఈజ్ నాట్ యువర్ మిస్టేక్’ అనేశాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆవిడ మెల్లగా ‘హౌ ఆర్ యూ ఫీలింగ్?’ అని అడిగారు. ‘ఫైన్ మేడమ్’ అన్నాను.

ఫైన్ కాదు. నన్ను పెంచింది మామ్మే. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టే వేళకి గొంతు పట్టేస్తుంది. వత్తులు చేసి పెట్టిన డబ్బా ఇంకా సగం నిండుగానే ఉంది. ఇదంతా లోపల ఉండగా నోటికి వచ్చింది ఆ ఒక్క మాటే.

ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికి 200 భావాల పదాల పట్టిక దింపుకున్నాను. పదం, పక్కన తెలుగు అర్థం. పది రోజులు బట్టీ పట్టాను. అయినా మాట్లాడేటప్పుడు ఒక్కటీ రావడం లేదు. మీలో ఎవరైనా ఇది దాటి వచ్చినవాళ్లు ఉంటే, ఎలా నేర్చుకున్నారో చెప్పండి.


బల్లార్షా_వాసి
ఆదివారం, రాత్రి 9.48

ముందు మీ మామ్మకి నా నమస్కారం చెల్లెమ్మా.

సారీ సంగతి: మన తెలుగులో ‘సారీ’ క్షమాపణకే పరిమితమైపోయింది. ఇంగ్లీషులో దానికి రెండు పనులు. తప్పు చేసినప్పుడు ఒప్పుకోవడం ఒకటి. ఎదుటివాళ్ల కష్టం విని ‘అయ్యో’ అనడం రెండోది. ‘ఐయామ్ సారీ ఫర్ యువర్ లాస్’ అన్నది చావుకబురు విన్నప్పుడు చెప్పే మాట. దానికి జవాబు ‘థాంక్యూ’ చాలు. ‘థాంక్యూ, దట్ మీన్స్ ఎ లాట్’ అంటే ఇంకా బాగుంటుంది. మీరు అన్నదానికి ఆవిడ నొచ్చుకుని ఉండరు. వేరే భాషవాళ్లతో పని చేసేవాళ్లకి ఇలాంటివి అలవాటే.


రాయగడ_మాస్టారు
సోమవారం, ఉదయం 6.20

అమ్మా, చదివి మనసు కలుక్కుమంది. ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. మీ పట్టిక ఎందుకు పనికి రావడం లేదో నాకు తెలిసినంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మన మాట తీరు చూడండి. నాకు కోపం వచ్చింది. నాకు భయం వేసింది. నాకు దిగులుగా ఉంది. కోపమో భయమో ఎక్కడి నుంచో వచ్చి మనల్ని పట్టుకుంటుంది. ఒడియాలోనూ ఇదే తీరు, ‘మోతే డర లాగుచి’ అంటారు. మరాఠీవాళ్లు ‘మలా భీతి వాటతే’ అంటారు. ఇంగ్లీషులో అలా కాదు, మనిషే ముందుకొచ్చి ‘ఐ యామ్ స్కేర్డ్’ అంటాడు. మూడు భాషలూ ఒక వైపు, ఇంగ్లీషు ఒక్కటీ ఇంకో వైపు అన్నమాట. అందుకే మా పిల్లలు ‘యాంగర్ కేమ్ టు మీ’ అని రాసేవారు. అది తెలివితక్కువతనం కాదు, ఇంట్లో నేర్చిన వ్యాకరణం అంత గట్టిగా ఉంది మరి.

దీంతో మీ పట్టికకు సంబంధం ఉంది. పట్టికల్లో సాధారణంగా ‘యాంగర్ – కోపం’, ‘ఫియర్ – భయం’, ‘గ్రీఫ్ – శోకం’ అని నామవాచకాలు ఉంటాయి, ఎందుకంటే మనకి కోపం, భయం నామవాచకాలే కదా. కానీ ఇంగ్లీషువాడు రోజువారీ మాటల్లో వాడేది విశేషణం. యాంగ్రీ, అఫ్రైడ్, సాడ్, లోన్లీ, రిలీవ్డ్. కాబట్టి పట్టికను తిరగరాయండి. ‘యాంగర్’ కొట్టేసి ‘ఐ వాజ్ యాంగ్రీ’ అని రాసుకోండి. పదం ఒక్కటే రాయొద్దు, ‘ఐ’ నుంచి మొదలుపెట్టి వాక్యం మొత్తం రాయండి.

రెండో చిక్కు పక్కన వచ్చే చిన్న మాటలది. మనం ‘నా మీద కోపం’ అంటాం కాబట్టి ‘యాంగ్రీ ఆన్ మీ’ అని వచ్చేస్తుంది. అది ‘యాంగ్రీ విత్ మీ’. ‘అతనితో పెళ్లి’ అంటాం కాబట్టి ‘మ్యారీడ్ విత్ హిమ్’ అనేస్తాం, అనవలసింది ‘మ్యారీడ్ టు హిమ్’. నిన్ను చూస్తే గర్వంగా ఉంది అంటే ‘ప్రౌడ్ ఆఫ్ యూ’. అమ్మ గురించి బెంగ అంటే ‘వరీడ్ అబౌట్ అమ్మ’. వీటికి సూత్రం లేదు. నేను వెతికాను, పిల్లలకు చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుందేమోనని. లేదు. వాక్యంతో పాటు నోటికి ఎక్కించుకోవడమే.

ఇంకొకటి. ఒకబ్బాయి లేచి ‘సార్, ఐ యామ్ బోరింగ్’ అన్నాడు. వాడు చెప్పాలనుకున్నది తనకి విసుగ్గా ఉందని, అంటే ‘బోర్డ్’. ‘బోరింగ్’ అంటే విసుగు పుట్టించేవాడు. మనకు కలిగితే చివర ‘ఎడ్’, ఎదుటివాళ్లకు కలిగించేదైతే ‘ఇంగ్’. టైర్డ్, టైరింగ్. కన్‌ఫ్యూజ్డ్, కన్‌ఫ్యూజింగ్. ఈ ఒక్క తేడా పట్టుకుంటే పాతిక పదాలు ఒకేసారి సర్దుకుంటాయి.


జయపురం_అమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2.05

మాస్టారూ, వాక్యంగా రాసుకోమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా పాప ఏడో తరగతి. బడి వార్షికోత్సవంలో పద్యం మధ్యలో మరిచిపోయింది. ఇంటికొచ్చి ‘అమ్మా, సిగ్గేసింది, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు, డైరీలో రాసుకోవాలి’ అంది. నిఘంటువు తీస్తే ‘సిగ్గు’కి నాలుగైదు మాటలు. ఏది రాయాలో నాకూ తెలియలేదు.

అప్పుడు ఇద్దరం వంటింట్లో కూర్చుని, బీరకాయ తొక్కు తీస్తూ, అసలు మనకి ఎప్పుడెప్పుడు సిగ్గేస్తుందో చెప్పుకున్నాం. చుట్టాలొస్తే చిన్నప్పుడు నా కొంగు వెనక దాక్కునేది, అది ‘షై’. స్టేజి మీద పద్యం మరిచిపోయింది, అందరూ చూస్తున్నారు, కానీ తప్పు పనేం కాదు, అది ‘ఎంబరాస్డ్’. ఒకసారి తమ్ముడి డిబ్బీలోంచి పది రూపాయలు తీసి నాకు అబద్ధం చెప్పింది, దాని గురించి ఇప్పటికీ తల వంచుకుంటుంది, అది ‘అషేమ్డ్’. నలుగురి ముందు ఎవరో కించపరిస్తే కలిగేది ‘హ్యుమిలియేటెడ్’. మా ఆడపడుచుకి పెళ్లి మాట ఎత్తితే బుగ్గలు ఎర్రబడేవి, అది ‘బ్లష్’ అవడం. ఇన్నిటికీ తెలుగులో మనకి సిగ్గే.

పాప చివరికి ‘ఐ వాజ్ ఎంబరాస్డ్’ అని రాసింది. రాశాక ‘అయితే నేను తప్పేం చేయలేదన్నమాట’ అంది. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకి కలిగింది ఏ రకం సిగ్గో తెలిశాక పిల్లకి సగం భారం దిగిపోయింది.


బరంపురం_మగ్గం
సోమవారం, రాత్రి 8.30

మాది పట్టు నేసే ఇల్లు. మా పెద్దకోడలు ఒడియా పిల్ల. వచ్చిన కొత్తలో మా అబ్బాయి గురించి నాతో ‘ఆయనకి రాగం చాలా ఎక్కువ అత్తయ్యా’ అంది. భార్యంటే అంత అనురాగం కదా అని నేను మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఒడియాలో ‘రాగ’ అంటే కోపం! మరాఠీలో కూడా ‘రాగ్’ అంటే కోపమేనట. సంస్కృతం నుంచి వచ్చిన మాటే, మన దగ్గర ప్రేమ వైపు తిరిగింది, వాళ్ల దగ్గర కోపం వైపు.

అభిమానం కూడా అంతే. మనం అంటే ఇష్టం, ఆదరం. ఒక్కోసారి పౌరుషం కూడా. మరాఠీలో గర్వం. ఒడియాలో అయినవాళ్లు మాట పడేస్తే లోపల కలిగే నొప్పి, మన అలక లాంటిది. సరిహద్దులో పెరిగిన పిల్లలు ‘అభిమానం’ అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చేముందు ఏ అభిమానమో ఆలోచించుకోవాలి. ఇష్టమైతే ‘ఫాండ్ ఆఫ్’. గర్వమైతే ‘ప్రౌడ్’. నొప్పి అయితే ‘హర్ట్’. పౌరుషమైతే ‘సెల్ఫ్-రెస్పెక్ట్’. నేను ఎక్కువ చదువుకున్నదాన్ని కాదు, కానీ మా ఇంట్లో ఈ గొడవ నిజంగా జరిగింది కాబట్టి ఇది ఎప్పటికీ మరిచిపోను.

చుట్టరికాల మాటలు కూడా ఎవరైనా చెప్పండి. మా చిన్నాడి వీసా కాగితాల్లో వాడి తోడల్లుడి పేరు దగ్గర ‘సంబంధం’ అన్న గడిలో ఏం రాయాలో తెలియక రెండు రోజులు ఆగిపోయాం.


ధర్మాబాద్_మిర్చి
సోమవారం, రాత్రి 9.15

తోడల్లుడంటే ‘కో-బ్రదర్’ అని రాసేయకండి అక్కా. అది మన దేశంలో మనకే అర్థమవుతుంది. బయటివాళ్లు దాన్నీ ‘బ్రదర్-ఇన్-లా’లోనే కలిపేస్తారు. స్పష్టంగా ఉండాలంటే ‘వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అని విడమరిచి రాయాలి. మరాఠీలో ‘సాడూ’ అని ఒక్క మాటలో అయిపోతుంది, మనకీ ఒక్క మాటే. వియ్యంకుడికి మరాఠీలో ‘వ్యాహీ’ ఉంది, ఒడియాలో ‘సముది’ ఉంది, ఇంగ్లీషులో వాడుక మాట లేదు. ‘మై డాటర్స్ ఫాదర్-ఇన్-లా’ అనాల్సిందే. బావ, బావమరిది, మరిది, తోడల్లుడు – అందరూ వాళ్లకి ఒకే ‘బ్రదర్-ఇన్-లా’. అన్నా తమ్ముడూ కూడా ఒకటే ‘బ్రదర్’, కావాలంటే ముందు ‘ఎల్డర్’ తగిలించాలి. ‘కజిన్ బ్రదర్’ అనొద్దు, ‘కజిన్’ చాలు.

ఇక అసలు విషయం మీద నా మాట వేరు. దుఃఖం చెప్పుకోవడానికి మన భాష లేదా? ఆఫీసులో పని ఇంగ్లీషులో చేయండి, మనసు ఇంట్లో తెలుగులో విప్పండి. పరాయి భాషలో ఏడుపు కూడా నేర్చుకోవాలా అని నాకు బాధగా ఉంది.


వంశధార_ఒడ్డు
సోమవారం, రాత్రి 10.02

అన్నా, మీ బాధ అర్థమైంది. నేనూ మా అమ్మతో, చెల్లితో తెలుగులోనే ఏడ్చాను. కానీ ఆ మేడమ్ పని మధ్యలో ఆగి, మనసుపెట్టి అడిగారు. ఆవిడకి తెలుగు రాదు కదా. ఆవిడ తలుపు తట్టినప్పుడు నేను ‘ఫైన్’ అని గడియ వేసినట్టయింది. రోజుకి ఎనిమిది గంటలు వాళ్లతో గడుపుతున్నాను. వాళ్లతో లెక్కలు తప్ప ఇంకేమీ లేని మనిషిగా ఉండిపోవడం నాకు కష్టంగా ఉంది.


ధర్మాబాద్_మిర్చి
సోమవారం, రాత్రి 10.20

అలా చూస్తే సరే చెల్లీ. మా అమ్మాయి పూణేలో ఉంది, తనకీ ఇదే పరిస్థితి అయ్యుండొచ్చు. ఎప్పుడూ అడగలేదు. అడుగుతాను.


సిరొంచ_నర్సు
మంగళవారం, ఉదయం 5.50

నైట్ డ్యూటీ అయ్యి ఇప్పుడే చూశాను. మాది ప్రాణహిత ఒడ్డు, అవతల తెలంగాణ. మా దగ్గరికి వచ్చే పేషెంట్లు తెలుగు, మరాఠీ, గోండీ, మాడియా మాట్లాడతారు. నేను బయటి దేశంలో పని కోసం ఓఈటీ పరీక్షకి తయారవుతున్నాను. అది ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష. మాట్లాడే భాగంలో రెండు రోల్ ప్లేలు, ఒక్కొక్కటి సుమారు 5 నిమిషాలు. మనం నర్సు, ఎదుటివాళ్లు పేషెంటో వాళ్ల చుట్టమో. మందుల పేర్లు వస్తే చాలదు, ఎదుటి మనిషి భయాన్ని గుర్తించి మాట్లాడుతున్నామా లేదా అనేదానికీ మార్కులుంటాయి.

నేను మొదట్లో తప్పు చేసింది ఎక్కడో చెబుతాను. మన వార్డులో ఎవరైనా భయపడితే చెయ్యి పట్టుకుని ‘ఏం కాదు బాపూ’ అంటాం. అదే అలవాటుగా ప్రాక్టీసులో ‘నథింగ్ విల్ హ్యాపెన్’ అనేశాను. నేర్పించే మేడమ్ ఆపేసింది. తెలుగులో ‘ఏం కాదు’ అంటే నేను నీ పక్కనే ఉన్నానని. ఇంగ్లీషులో అది, ఆపరేషన్‌లో ఏ ప్రమాదమూ జరగదని మాటివ్వడం లాగా వినపడుతుంది. నర్సు అలా మాటివ్వకూడదు. దాని బదులు ‘ఐ కెన్ సీ దట్ యూ ఆర్ వరీడ్’ అనాలి, లేదా ‘దట్ మస్ట్ బి హార్డ్ ఫర్ యూ’. అన్నాక ఆగాలి. ఎదుటి మనిషిని మాట్లాడనివ్వాలి. ‘డోంట్ వర్రీ’ అని వెంటనే మూత పెట్టేయకూడదు.

భయంలో మెట్లు కూడా నేర్చుకున్నాను. ‘వరీడ్’ అంటే ఏదో ఒక విషయం గురించి మనసు పీకడం. ‘నెర్వస్’ అంటే ఇంజెక్షన్‌కో ఇంటర్వ్యూకో ముందు గుండె దడ. ‘స్కేర్డ్’ భయం. ‘టెరిఫైడ్’ అంటే గజగజ. ఇక ‘హమ్మయ్య’కి ‘రిలీవ్డ్’. రిపోర్టు బాగా వచ్చిన పేషెంటు ముఖం చూస్తే ఈ పదం బట్టీ పట్టక్కర్లేదు.

మనం ఇంగ్లీషు అనుకుని వాడే మాటలు కొన్ని అక్కడ పనిచేయవు. ‘పేషెంట్ ఎక్స్‌పైర్డ్’ అని మన ఆసుపత్రుల్లో రాస్తాం. కుటుంబం ముందు ఆ మాట అనకూడదు, పాల ప్యాకెట్ గడువు అయిపోయినట్టు ఉంటుంది. ‘హీ పాస్డ్ అవే’ లేదా నేరుగా ‘హీ డైడ్’. ‘మా మామ సీరియస్’ అంటే మనకి ప్రాణం మీదికి వచ్చిందని. వాళ్లకి ‘హీ ఈజ్ సీరియస్’ అంటే నవ్వని మనిషి అని. ‘హీ ఈజ్ క్రిటికల్లీ ఇల్’ అనాలి. ‘టెన్షన్ పడుతున్నాను’కి ‘ఐ యామ్ టేకింగ్ టెన్షన్’ కాదు, ‘ఐ యామ్ స్ట్రెస్డ్’ లేదా ‘ఐ యామ్ వరీడ్’.


బల్లార్షా_వాసి
మంగళవారం, ఉదయం 8.15

అక్కా, చివరి పేరా బంగారం. దాన్ని నేను ఇంకొంచెం పొడిగిస్తాను. మా నాన్న కరీంనగర్ నుంచి బొగ్గు గనుల్లోకి వచ్చారు. క్వార్టర్స్‌లో తెలుగు, మరాఠీ, హిందీ కలిసి పెరిగాం. అన్నిట్లోనూ ఇంగ్లీషు ముక్కలు దూరిపోయాయి, కానీ వచ్చేటప్పుడు అర్థం మార్చుకుని వచ్చాయి.

‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకి నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో ‘హీ ఫెల్ట్’ అని ఆపితే వాక్యం సగంలో తెగిపోయినట్టే. ‘హీ ఫెల్ట్ హర్ట్’ అనాలి. ‘సార్ సీరియస్ అయ్యారు’ అంటే కోప్పడ్డారు, ‘హీ గాట్ యాంగ్రీ’. ‘మూడ్ ఆఫ్’ అన్నది మనది, వాళ్లు ‘ఐ యామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్’ అంటారు. ‘సెంటిమెంట్’ మనకి శకునం, ఆనవాయితీ. వాళ్లకి అది అభిప్రాయం, లేదా మెత్తటి భావన. ‘ప్రపోజ్ చేశాడు’ అంటే మనకి ప్రేమిస్తున్నానని చెప్పాడు. వాళ్లకి పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. చాలా పెద్ద తేడా ఇది, జాగ్రత్త. ‘లవర్’ అన్న మాట ఆఫీసులో అసలు వద్దు. అక్కడ అది శారీరక సంబంధాన్ని సూచిస్తుంది. ‘బాయ్‌ఫ్రెండ్’, ‘గర్ల్‌ఫ్రెండ్’, ‘పార్ట్‌నర్’ చాలు. ‘మా ఫ్యామిలీ ఊరెళ్లింది’ అని భార్య గురించి అంటాం, వాళ్లకి ఇంటిల్లిపాదీ వెళ్లినట్టు అర్థమవుతుంది.

ఇవన్నీ తప్పులని నేను అనను. ఫీలవడం, సీరియస్ అవడం ఇప్పుడు తెలుగు మాటలే, తెలుగులో హాయిగా వాడుకోవచ్చు. తిరిగి ఇంగ్లీషులోకి మోసుకెళ్లినప్పుడే చిక్కు.

మనుషుల మధ్య సంబంధాలకి మాత్రం పెద్ద పదాలకన్నా రెండు చిన్న మాటల జంటలు నేర్చుకోండి. గొడవపడి మాటలు మానేస్తే ‘ఫాల్ అవుట్’. మళ్లీ కలిసిపోతే ‘మేక్ అప్’. ఇద్దరికీ పడుతుంది అంటే ‘గెట్ ఆన్’. భరించడం ‘పుట్ అప్ విత్’. గౌరవంగా చూడటం ‘లుక్ అప్ టు’, చిన్నచూపు చూడటం ‘లుక్ డౌన్ ఆన్’. గొడవేం లేకుండానే మెల్లగా దూరమైపోతే ‘డ్రిఫ్ట్ అపార్ట్’. క్వార్టర్స్ ఖాళీ అయ్యాక నా చిన్ననాటి స్నేహితులతో నాకు జరిగింది ఇదే. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, దీనికి కూడా ఒక పేరుందా అనుకున్నాను.


వంశధార_ఒడ్డు
మంగళవారం, రాత్రి 9.30

ఇంత ఓపిగ్గా రాస్తున్నారు, అందరికీ దండం. పట్టిక చించేశాను. కొత్త నోటుబుక్కులో ‘ఐ’ తో మొదలుపెట్టి వాక్యాలు రాస్తున్నాను. జయపురం అక్క చెప్పినట్టు ఒక్కో తెలుగు మాటకి నా జీవితంలో జరిగిన సంగతి పక్కన పెట్టి చూస్తున్నాను. నాలుగు మాటల దగ్గర ఆగిపోయాను. బెంగ, అలక, చనువు, మొహమాటం.


రాయగడ_మాస్టారు
బుధవారం, ఉదయం 6.05

సరైన చోటే ఆగారు. ఈ నాలుగింటికీ ఒక్క మాటలో ఇంగ్లీషు దొరకదు. సందర్భం పట్టుకుని విడమరచాలి.

బెంగ. హాస్టల్లో పిల్లకి ఇంటి మీద బెంగ అయితే ‘హోమ్‌సిక్’. మనిషి మీద అయితే ‘ఐ మిస్ హర్’. తెలుగులో ‘నువ్వు గుర్తొస్తున్నావు’ అంటాం కదా, అదీ ‘ఐ మిస్ యూ’నే. ‘ఐ రిమెంబర్ యూ’ అనకండి, ఎక్కడో చూసిన ముఖాన్ని గుర్తుపట్టినట్టు ఉంటుంది.

అలక. ‘సల్కింగ్’ అని నిఘంటువులో ఉంటుంది కానీ అందులో చిన్నపిల్లల మంకుతనం పట్ల చిరాకు ఉంది. మన అలకలో ప్రేమ ఉంది. నువ్వు వచ్చి బతిమాలతావని నమ్మకం ఉంది కాబట్టే అలుగుతాం. బతిమాలేవాళ్లు లేని చోట ఎవరూ అలగరు. కాబట్టి ‘షి ఈజ్ అప్‌సెట్ విత్ మీ’ అని, ‘షి వాంట్స్ మీ టు కోక్స్ హర్’ అని రెండో వాక్యం కలపాలి. ‘కోక్స్’ అంటే బుజ్జగించడం.

చనువు. మంచి అర్థంలో ‘వి ఆర్ క్లోజ్’ లేదా ‘ఐ యామ్ కంఫర్టబుల్ విత్ హర్’. ‘చనువిస్తే చంకెక్కాడు’ అన్న అర్థంలో అయితే ‘టేకింగ్ లిబర్టీస్’.

మొహమాటం. పెళ్లిలో కడుపు నిండినా ఇంకో బూరె వేస్తే వద్దనలేకపోవడం. ‘ఐ కుడ్‌న్ట్ బ్రింగ్ మైసెల్ఫ్ టు సే నో’ అన్న వాక్యం దీనికి బాగా దగ్గర. ఆఫీసులో మీకు ఇది పనికొస్తుంది. ఎక్కువ పని అంటగడితే, లోపల మొహమాటం ఉందని ఒప్పుకుని ‘ఐ ఫైండ్ ఇట్ హార్డ్ టు సే నో, బట్...’ అని మొదలుపెట్టొచ్చు.


పర్లాకిమిడి_పాతబస్తీ
బుధవారం, మధ్యాహ్నం 12.40

మాస్టారి జాబు చదువుతుంటే మా ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. మా పర్లాకిమిడిలో రాజావారి కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు ఇటు వచ్చింది కానీ, ఆయన పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడి తెలుగువాళ్ల ముఖాలు వెలుగుతాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. నేను చెప్పాలనుకున్నది ఆయన సవర నేర్చుకున్న తీరు. అప్పటికి ఆ భాషకి చదువుకోవడానికి పుస్తకాల్లేవు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, నోటి నుంచి నోటికి నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి ఆ పని చేసి 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ఇంగ్లీషులో అచ్చు వేయించారు. గుణుపురం అమ్మాయీ, మీ నాన్నగారు సంతలో మాట్లాడే భాషే అది.

మీకు ఇంగ్లీషు మాట్లాడే మనిషి రోజూ ఫోన్‌లో దొరుకుతున్నారు. ‘ఇలాంటప్పుడు మీరైతే ఏమంటారు?’ అని ఆవిడనే అడగండి. ‘వాట్ వుడ్ యూ సే?’ నాకు తెలిసి ఈ ప్రశ్న ఎవరికీ కోపం తెప్పించదు.

నిఘంటువు కూడా కావాలంటే, షికాగో విశ్వవిద్యాలయంవాళ్ల దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు (1903 కూర్పు), మోల్స్‌వర్త్ మరాఠీ–ఇంగ్లీషు నిఘంటువు (1857), ప్రహరాజ్‌గారి పూర్ణచంద్ర ఒడియా భాషాకోశం ఉచితంగా చూసుకోవచ్చు. భాషాకోశం 1931 నుంచి 1940 దాకా ఏడు సంపుటాలుగా వచ్చింది. బరంపురం అక్క చెప్పిన ‘రాగం’, ‘అభిమానం’ మూడింటిలోనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, మన సరిహద్దు అంతా కళ్లకి కడుతుంది. అయితే ఇవి పాత పుస్తకాలు. అందులో కనపడిన ఇంగ్లీషు మాటని అలాగే మెయిల్‌లో రాయకండి. ఇప్పటివాళ్లు వాడుతున్నారో లేదో, నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నేటి ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువులో చూసుకోండి. అందులో ఉదాహరణ వాక్యాలుంటాయి, మనకి కావలసింది అవే.


బరంపురం_మగ్గం
బుధవారం, రాత్రి 7.50

కోడలు ఫోన్‌లో తీసి చూపించింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. పాత సంగతి తలచుకుని ఇద్దరికీ నవ్వాగలేదు.


సిరొంచ_నర్సు
బుధవారం, రాత్రి 8.10

ఒక్క మాట చేరుస్తాను. జాలి అన్నదానికి ‘పిటీ’ వాడకండి. ‘ఐ పిటీ యూ’ అంటే పైనుంచి కిందికి చూసినట్టు, అవమానంగా ఉంటుంది. ఎదుటివాళ్ల బాధ చూసి అయ్యో అనిపించడం ‘సింపతీ’, వాళ్ల చోట మనం ఉండి చూడటం ‘ఎంపతీ’. రెండోది ఇంగ్లీషులోకి వచ్చి వందేళ్లు దాటింది అంతే, జర్మన్ మాటకి అనువాదంగా పుట్టిందట. వాళ్లకీ కొన్ని మాటలు కొత్తగా చేసుకోవాల్సి వచ్చిందన్నమాట.


వంశధార_ఒడ్డు
శుక్రవారం, రాత్రి 11.05

ఈ రోజు మేడమ్‌కి మెసేజ్ పెట్టాను. మూడు రోజులు నోటుబుక్కులో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, ఇలా వచ్చింది:

‘థాంక్యూ ఫర్ ఆస్కింగ్ మీ దట్ డే. ఐ సెడ్ ఐ వాజ్ ఫైన్, బట్ ఐ వాజ్‌న్ట్. మై గ్రాండ్‌మదర్ రెయిజ్డ్ మీ. ఐ మిస్ హర్ మోస్ట్ ఇన్ ది ఈవినింగ్స్, వెన్ షి యూజ్డ్ టు లైట్ ది ల్యాంప్.’

పంపాక చేతులు చల్లబడిపోయాయి. పది నిమిషాలకి జవాబు వచ్చింది. చెప్పినందుకు థాంక్స్ అన్నారు. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు ఆవిడకి కూడా సాయంత్రాలే కష్టంగా ఉండేవట. చివర ‘వాట్ వాజ్ షి లైక్?’ అని అడిగారు. మామ్మకి ఏం ఇష్టమో అడుగుతున్నారా మాస్టారూ? పూతరేకులు అని రాసి, అనుమానం వచ్చి ఆపాను.


రాయగడ_మాస్టారు
శుక్రవారం, రాత్రి 11.20

మంచి పని చేశారమ్మా, ఆపడం. ‘వాట్ డిడ్ షి లైక్’ అంటే ఏం ఇష్టమని. ‘వాట్ వాజ్ షి లైక్’ అంటే ఎలాంటి మనిషని. మీ మామ్మగారి గురించి చెప్పమంటున్నారు. పూతరేకులు కూడా రాయండి, పర్వాలేదు. ముందు తెలుగులో చెప్పండి, ఎలాంటి మనిషి?


వంశధార_ఒడ్డు
శుక్రవారం, రాత్రి 11.31

మొండిది. చేతికి ఎముక లేదు, వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపేది కాదు. తను ఏడవడం ఎవరికీ కనపడనిచ్చేది కాదు. నోరు మాత్రం చాలా దురుసు, కానీ తిట్టిన గంటకే పిలిచి అన్నం పెట్టేది.


రాయగడ_మాస్టారు
శుక్రవారం, రాత్రి 11.44

మొండి, ‘స్టబర్న్’. చేతికి ఎముక లేదు, ‘జెనరస్’. ఏడుపు కనపడనివ్వదు, ‘షి నెవర్ లెట్ ఎనీవన్ సీ హర్ క్రై’. నోటి దురుసుకి ‘షార్ప్-టంగ్డ్’. తిట్టి అన్నం పెట్టడానికి మాట వెతక్కండి. జరిగింది జరిగినట్టు రాయండి.


వంశధార_ఒడ్డు
శనివారం, తెల్లవారుజామున 1.15

రాస్తున్నాను మాస్టారూ. రెండో పేజీలో ఉన్నాను.